మూడో బంతి పొరవాపు

రోజు 58

ఇది అధికారిక దస్త్రం కాదు. అధికారిక దస్త్రంలో తేదీకి గడి ఉంది, మాత్ర వేసిన వేళకు గడి ఉంది, కడుపు ఎరుపుకు గడి ఉంది. నా కోపానికి మాత్రం గడి లేదు. అందుకని ఇవాళ్టి నుంచి వేరే పుస్తకంలో రాసుకుంటున్నాను.

పేరు హంపమ్మ, వయసు నలభై ఏడు, ఊరు అనంతపురం వైపు. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా సముద్రం చూడని మనిషిని. ఇప్పుడు మూడో తెప్ప మీద, మునిగిపోయిన కోనసీమ ఊళ్ళకు సరిగ్గా పైన, మూడు వందల పది మందితో కలిసి పగలూ రాత్రీ ఊగుతున్నాను. గట్టు మీది పరిశోధన మండలి నన్ను ఇక్కడికి పంపింది.

ఈ తెప్ప మీద పెద్దవాళ్ళలో ముగ్గురికి ఇద్దరు కడుపు లోపలి పొర వాచిపోయి బతుకుతున్నారు. ఒక రోజు, రెండు రోజుల వాపు కాదు, ఏళ్ళ తరబడి వాపు. పాత మందులకు లొంగని పురుగు ఒకటి కడుపులో కాపురం పెట్టింది. దానికి తోడు, ఎంత శుద్ధి చేసినా తాగే నీళ్ళలో మిగిలిపోయే ఉప్పు. పొర ముందు ఎర్రబడుతుంది, తర్వాత పలచబడుతుంది, ఆ తర్వాత పుండు, కొందరికి రాచపుండు. ఇక్కడివాళ్ళు ఇదంతా కలిపి 'మంట' అంటారు. అది కూడా ఊరికే చెప్పరు. "ఏదో కొంచెం మంటండి" అన్నారంటే సగం కడుపు పోయిందని అర్థం చేసుకోవాలి.

మడచెట్ల బెరడు నుంచి ఒక మందు తీశాం. ఏడేళ్ళు దాని మీదే పడి ఉన్నాను. అన్నం తిన్న అరగంటలోపు వేసుకుంటే పొరకు అంటుకుని వాపు తగ్గిస్తుంది. ఖాళీ కడుపులో వేసుకుంటే అదే మందు పొరను గీరుతుంది. ఈ సంగతి పరీక్షలో చేరిన అరవై నలుగురికీ తొమ్మిదిసార్లు చెప్పాను. అరవై నలుగురూ తొమ్మిదిసార్లూ "ఆయ్" అన్నారు. తొంభై రోజుల పరీక్ష ఇది.

ప్రతి సోమవారం పొద్దున్నే ఒక్కొక్కరూ బటాణీ గింజంత కెమెరా ఒకటి మింగుతారు. అది కడుపులో తిరిగి ఫొటోలు పంపి, కరిగిపోతుంది. ఫొటోలు చూసి నేను ఎరుపుకు అంకె వేస్తాను. సున్నా అంటే బాగున్నట్టు. నాలుగు అంటే గట్టు మీదికి తీసుకెళ్ళి కడుపు కోసి తీసేయాలి.

ఇవాళ్టి ఫొటోలు వచ్చాయి. నలభై ఒక్క మందికి ఎరుపు దిగింది, దివ్యంగా దిగింది. ఇరవై ముగ్గురికి పెరిగింది. అదే మందు, అదే మోతాదు, అదే వంటిల్లు. వీళ్ళకు ఏం రోగమో నాకు అర్థం కావడం లేదు. రోగం ఏమిటో తెలుసు, అది వేరే సంగతి.

రోజు 60

నీళ్ళ గొట్టాలే కారణం అనుకున్నాను. పడమటి వైపు ఇళ్ళకు వెళ్ళే గొట్టం పాతది. రెండు రోజులు మోకాళ్ళ మీద పాకి, పద్నాలుగు చోట్ల నీళ్ళు పట్టి, ఉప్పు కొలిచాను. మధ్యలో నా గీకుడు వంతు కూడా వచ్చింది. ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పును పొద్దున్నే గీకకపోతే మధ్యాహ్నానికి కరెంటు ఉండదు, అది తప్పించుకోవడానికి లేదు. గీకాను, మళ్ళీ పాకాను. తీరా చూస్తే రెండు వైపులా ఉప్పు ఒక్కటే. నడుము పట్టేసింది.

సాయంత్రం వంటింటికి వెళ్ళాను. వంటింటి పెద్ద నూకరత్నం. యాభై రెండేళ్ళ మనిషి, మూడు వందల పది మందికి ముప్పై ఏళ్ళుగా వండిపెడుతోంది. ఆ ఇరవై ముగ్గురిలో ఆమెది అందరికంటే పెద్ద అంకె. మొన్నటికి మూడు.

"మంటెట్లుందక్కా?" అని అడిగాను.

"అబ్బే, ఏవుందండి, కొంచెం," అంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని ఇంకో చేత్తో నాకు పెసరట్టు వేస్తోంది.

"అట్టొద్దు, ముందు కూర్చో."

"మీరు తినండి డాక్టరమ్మగారూ, మీ మొహం పీక్కుపోయింది."

ఈమెతో మాట్లాడి గెలిచినవాళ్ళు ఈ తెప్ప మీద లేరు. అట్టు తిన్నాను. బాగుంది, అదొక కోపం.

రోజు 65

నూకరత్నానికి మూడున్నర.

మండలి పెద్ద ఫణిభూషణ్ గారు తెర మీదికి వచ్చారు. ఆయన ఎప్పుడూ అరవరు, అదే నాకు ఒళ్ళు మండే విషయం. "హంపమ్మగారూ, మూడో వంతు మందికి హాని చేసే మందును మేము ఎలా కొనసాగిస్తాం? తొంభయ్యో రోజు సాయంత్రం నాలుగింటికి సమీక్ష పెడుతున్నాం. అప్పటికి కారణం చూపించండి. లేకపోతే పరీక్ష మూసేస్తాం," అన్నారు.

మూసేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. వేరే మందు లేదు. బాగుపడిన నలభై ఒక్కమందికి మళ్ళీ మంట మొదలవుతుంది. నూకరత్నానికి కడుపు తీసేస్తారు. ఆ తర్వాత జీవితమంతా గట్టు మీద ఆసుపత్రి పక్కన గది, గొట్టంలోంచి జావ. వండే మనిషికి ఆ శిక్ష ఏమిటి?

రోజు 68

ఎండుచేపలు. ఎక్కువ ఉప్పు, పొగ, కాబట్టి అవే అనుకుని ఇరవై ముగ్గురినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అడిగాను.

"ఎండుచేప బాగా తింటారా?"

"ఆయ్."

"రోజూనా?"

"ఆయ్."

"వారానికి ఒకసారి తింటారేమో?"

"మరేనండి, వారానికోసారే."

"అసలు తినరేమో?"

"మీరెలాగంటే అలాగేనండి."

ఓరి దేవుడా! అడిగినవాళ్ళను నొప్పించకూడదని వీళ్ళు ప్రాణాలైనా ఇస్తారు, నిజం మాత్రం ఇవ్వరు. మా వైపు అయితే "నీకెందుకు?" అంటారు, కనీసం అక్కడ ఒక స్పష్టత ఉంటుంది. ఆ కాగితాలన్నీ చింపేశాను. రక్తం చూశాను, వయసు చూశాను, పురుగు రకం చూశాను, చివరికి ఎవరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో కూడా అడిగాను. దానికీ "ఆయ్" అన్నారు.

రోజు 73

దొరికింది. దొరికినందుకు సంతోషించాలో, గోడకు తల బాదుకోవాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం సత్తిరాజుగారి గదికి వెళ్ళాను. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, ఒకప్పుడు తెప్ప లంగర్లు చూసేవాడు, ఆ ఇరవై ముగ్గురిలో ఒకడు. నేను ఆయన రక్తపోటు చూస్తుండగా పన్నెండున్నర గంట మోగింది. గోడలోని గొంతు మాట్లాడింది. ప్రతి గదిలోనూ, వంటింట్లోనూ ఒక గొంతు ఉంటుంది. వేళకు పలకరిస్తుంది, జవాబు విని రాసుకుంటుంది, తిన్నామని చెప్తేనే మాత్ర బయటికి తోస్తుంది.

"భోజనం అయిందా అండీ?" అని అడిగింది.

"ఆయ్, అయిందండి," అన్నాడు సత్తిరాజుగారు, గోడకేసి చూసి కాస్త తల వంచి మరీ.

మాత్ర వచ్చింది. వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. తర్వాత కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

"ఎక్కడికి పెద్దాయనా?"

"బంతికి టైమవుతంది కదండీ, ఎల్లి కూర్చుంటాను. ఇయ్యాల కందా బచ్చలంట."

"ఇప్పుడే అయిందని చెప్తిరి కదా!"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అదేంటండి అలాగంటారు? అయిందా అని అడిగినోళ్ళకి అవలేదని ఎలా చెప్తావండి? పాపం అదేవన్నా వండిపెడతదా, ఏవన్నానా? బాదపడతది."

"అది గోడప్పా!"

"గోడైనా ఆప్యాయంగా అడుగుతందండి రోజూ."

"అవలేదంటే 'పరవాలేదండి, తిని రండి, మూడింటి దాకా మీ కోసం ఎదురుచూస్తాను' అంటుంది కదా. అదన్నా వినలేదా మీరు?"

"ఇన్నానండి, మొదటిరోజే. మన కోసం అలా ఎదురుచూడ్డవంటే మరీ బాగోదు కదండీ. అందుకే అయిందని చెప్పేత్తన్నాను."

ఆయన వెళ్ళిపోయాడు. నేను ఆ గదిలోనే నేల మీద కూలబడ్డాను.

రోజు 74

రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే వంటింటి బంతుల పట్టిక తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాను.

ఇక్కడ భోజనం మూడు బంతులు. మొదటి బంతి వలల మీదికీ పలకల మీదికీ పోయేవాళ్ళది, పదకొండున్నరకు. రెండోది పిల్లలూ తల్లులూ, పన్నెండుకు. మూడోది వడ్డించేవాళ్ళు, ముసలివాళ్ళు, 'ముందు మీరు కానివ్వండి' అనేవాళ్ళు. అది రెండింటికి. ఆ ఇరవై ముగ్గురూ, ఒక్కరు తప్పకుండా, మూడో బంతి. నలభై ఒక్కమందిలో మూడో బంతి మనిషి ఒక్కడు లేడు. డెబ్భై రోజులుగా ఈ ఇరవై ముగ్గురూ ఖాళీ కడుపులో నా మందు వేసుకుని, గంటన్నర తర్వాత తీరిగ్గా వెళ్ళి కందా బచ్చలి తింటున్నారు.

ఇప్పుడు అసలు మాట రాస్తాను, ఎలాగూ ఎవరూ చూడరు. మండలి మొదట ఇచ్చిన ప్రశ్న "చివరిసారి ఆహారం తీసుకున్న సమయం చెప్పండి." మొదటి మూడు రోజులూ జనం బిగుసుకుపోయారు, సగం మంది జవాబే చెప్పలేదు. నాలుగో రోజు ఆ ప్రశ్న మార్చింది నేను. 'మనవాళ్ళు పలకరించుకున్నట్టు అడగాలి' అని మండలికి ఉపన్యాసం దంచి, "భోజనం అయిందా అండీ?" అని పెట్టించింది నేను. ఆ ఎదురుచూస్తాననే ముక్క కూడా నాదే. అందరూ టకటకా జవాబు చెప్పడం మొదలుపెట్టారు. మండలి నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. దాన్ని గోడకు అంటించుకున్నాను కూడా.

తెలుగుదాన్నై పుట్టి, ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఒకటే జవాబు ఉంటుందని నాకు తట్టలేదు. నేను ఎవరింటికి వెళ్ళినా చెప్పే జవాబు అదే. ఇంత తెలివి పెట్టుకుని ఇక్కడెందుకు ఊగుతున్నానో!

ఉత్తరం పీకి పారేశాను. గొంతుకు ప్రశ్న మార్చాను: "ఎన్ని గంటలకు తిన్నారు? ఏం తిన్నారు?" ఆప్యాయతలు లేవు.

రోజు 76

తప్పు నాదేనని మండలికి రాశాను. ఫణిభూషణ్ గారు అరవలేదు. "మీ ఊహ బాగుంది. కానీ మా దగ్గరున్న రికార్డులో ఇరవై ముగ్గురూ తిన్నామనే చెప్పారు. వాళ్ళు స్వయంగా కాదని చెప్పాలి," అన్నారు.

సరే, వంటింట్లో ఇరవై ముగ్గురినీ కూర్చోబెట్టాను. 'ఇన్నాళ్ళూ తినకుండానే తిన్నామని చెప్పాం' అని ఒక్క మాట గొంతుకు చెప్పమన్నాను. అంతే. సత్తిరాజుగారు కండువా సర్దుకుని లేచాడు.

"అలా చెప్తే నూకరత్నం పరువేవవుద్దండి? ఆవిడ వంటింట్లో జనం ఆకలితో మాత్రలు మింగుతున్నారని గట్టు మీద రికార్డు రాసుకుంటారా?"

"ఆమె కడుపు పోతుందప్పా, పరువు సంగతి తర్వాత!"

వెనక నుంచి నూకరత్నం గరిటె పట్టుకుని వచ్చింది. నాకోసం మాట్లాడుతుందనుకున్నాను.

"మా వంటింట్లో ఎవరూ పస్తు లేరండి," అంది, కళ్ళలో నీళ్ళతో. "ఆ మాట రాయద్దండి, మీకు దణ్ణం పెడతాను."

ఎవరి కోసం కొట్లాడుతున్నానో ఆ మనిషే నాకు దణ్ణం పెడుతోంది. ఏం చెయ్యాలి నేను? అక్కడే గట్టిగా అరిచేశాను. అరిచినందుకు అందరూ నాకు మజ్జిగ ఇచ్చారు.

రోజు 77

ఫణిభూషణ్ గారితో గంటన్నర వాదించాను. చివరికి ఒక దారి ఇచ్చారు. పాత జవాబుల జోలికి పోవద్దు. కొత్త ప్రశ్నతో తొంభయ్యో రోజు దాకా చూడండి. ఇరవై ముగ్గురికీ ఎరుపు దిగితే కారణం రుజువైనట్టే. ఎవరికైతే దిగదో వాళ్ళకు మందు పనిచెయ్యలేదని లెక్క, వాళ్ళను తీసేస్తాం.

మూడో బంతివాళ్ళకు చెప్పాను: రెండింటికి తినండి, రెండున్నరకు మాత్ర వేసుకోండి, గొంతు మూడింటి దాకా తెరిచే ఉంటుంది. మూడు దాటితే చల్లపెట్టె నుంచి తీసిన మందు పాడవుతుంది, అంతకు మించి ఆపలేను. "ఆయ్" అన్నారు.

రోజు 86

సోమవారం. ఫొటోలు.

ఇరవై ఇద్దరికి దిగింది! సత్తిరాజుగారికి రెండున్నర నుంచి ఒకటిన్నర. నేను గదిలో ఒక్కదాన్నే గంతులు వేశాను, తెప్ప ఊగి మంచం కోడు మోకాలికి తగిలింది.

నూకరత్నానికి మూడుంముప్పావు.

గొంతు రాసుకున్నది తీసి చూశాను. రోజూ ఆమె జవాబు ఒకటే. "రెండుంపావుకండి. అన్నం, పప్పు, చారండి." రోజూ పప్పేనా? నిన్న పప్పు వండలేదు. నాకు తెలుసు, నిన్న నేను తిన్నది పులుసు.

రోజు 87

ఇవాళ పదకొండింటి నుంచి వంటింట్లోనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. నూకరత్నం మొదటి బంతికి వడ్డించింది, రెండో బంతికి వడ్డించింది, మూడో బంతికి వడ్డించింది. రెండుంపావుకు గొంతు అడిగింది. ఆమె నా మొహం చూడకుండా "ఇప్పుడేనండి, అన్నం, పప్పు," అంది. మాత్ర బయటికి వచ్చింది. నేను లేచి ఆ మాత్ర లాక్కున్నాను.

మూడో బంతివాళ్ళు చేతులు కడుక్కున్నారు. గుండిగలు తోమించింది. నేల కడిగించింది. నాలుగింటికి ఒక మూల కూర్చుని, అడుగంటిన అన్నంలో మజ్జిగ పోసుకుని నాలుగు ముద్దలు తింది. ముప్పై ఏళ్ళుగా ఇంతేనట.

"యాలక్కా? ఎందుకిట్ల? రెండో బంతి అయ్యాక నాలుగు ముద్దలు నోట్లో వేసుకుంటే ఏమైతుంది నీకు?"

నేను కదలలేదు. చివరికి చెప్పింది.

తెప్ప మీదికి వచ్చిన మొదటి ఏడాది, ఆమెకు అప్పుడు పంతొమ్మిది. గట్టు నుంచి బియ్యం పడవ రాలేదు. వంటింట్లో కొత్తగా చేరింది. కళ్ళు తిరుగుతున్నాయని మూడో బంతి కూర్చోకముందే పొయ్యి వెనక నక్కి ఒక కంచం తినేసింది. తర్వాత వడ్డిస్తుంటే అన్నం చాల్లేదు. ఏడుగురి కంచాలు ఖాళీగా ఉన్నాయి.

"ఒక్కళ్ళు ఒక్క మాటనలేదండి," అంది. "'మాకు అయిందమ్మా, ఇందాకే తిన్నాం' అని చెప్పి లేచెల్లిపోయేరు. ఏడుగురూ. వాళ్ళు నన్ను తిట్టినా బాగుండేదండి. అప్పట్నించీ ఆఖరోళ్ళు చెయ్యి కడిగేదాకా నాకు ముద్ద దిగదు."

"నీ ఒక్క కంచంతో ఏడుగురికి తక్కువైతుందా అక్కా? బియ్యమే రాలేదు గదా."

"లెక్క నాకూ తెలుసండి," అంది. "ముద్ద దిగదు, అంతే."

నాకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది, దానివల్ల తర్వాత కోపం వచ్చింది.

రోజు 88

ఖాళీ కడుపులో ఇవ్వను కాబట్టి నూకరత్నం మాత్ర ఆపేశాను. వరసగా నాలుగు రోజులు తప్పితే పేరు కొట్టేస్తారు. నిన్న, ఇవాళ, రేపు మూడు పోతాయి. తొంభయ్యో రోజు నాలుగోది.

మండలికి చెప్పాను, ఆమె తినకుండా వేసుకుంటోంది, అందుకే దిగలేదు అని. "ఆమె జవాబులు తిన్నాననే ఉన్నాయి. మీ పరీక్షకు మీరే సాక్షి కాలేరు కదా, హంపమ్మగారూ. ఆమె నోటితో ఆమె చెప్పాలి," అన్నారు ఫణిభూషణ్ గారు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. మర్యాదగానే ఇచ్చారు.

బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకుంటానన్నాను. నూకరత్నం ఒకటే మాట: "నాకోసం మీరెందుకండి ఇంత కష్టపడతారు, గట్టు మీదకే ఎల్లిపోతాను లెండి."

రోజు 89

ఆ ఏడుగురిలో ఇప్పుడు బతికి ఉన్నది ఒక్కరే. ఎవరని అడిగితే వంటింట్లో ఒకామె చెప్పింది: సత్తిరాజుగారు.

వెళ్ళి అడిగాను. ఆ రోజు మీకు ఆకలి వెయ్యలేదా?

"అబ్బే, లేదండి. అప్పటికి నేను..."

"పెద్దాయనా! నాతో మర్యాద వద్దు. ఆమె కడుపు తీసేస్తారు. నిజం చెప్పండి."

ఆయన కండువా మడతలు వేసుకుంటూ కూర్చున్నాడు. ముప్పై మూడేళ్ళ నాటి మాట అది.

"ఏసిందండి," అన్నాడు ఆఖరికి. "బాగా ఏసింది. నీళ్ళు తాగి పడుకున్నాను." తర్వాత ఇంకా మెల్లగా, "ఆ పిల్ల పొయ్యి ఎనకాల తినడం నేను చూసేనండి. చూసి కూడా ఏవనలేదు. చిన్నపిల్ల కదండీ, బక్కగా ఉండేది," అన్నాడు.

ఆ మాట ఆమెకు ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. ఎలా చెప్తావండి అన్నాడు. నేను తలుపు వేసుకుని వచ్చేశాను. ఇంకొక్క క్షణం ఉంటే పెద్దాయన అని కూడా చూసేదాన్ని కాదు.

రోజు 90

ముందు మండలి సంగతి రాసేస్తాను, అది రెండు ముక్కలు. నాలుగింటికి సమీక్ష జరిగింది. పరీక్ష ఇంకో తొంభై రోజులు కొనసాగుతుంది. అరవై నాలుగు పేర్లతో.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి.

మూడో బంతి కూర్చుంది. ఇరవై ముగ్గురితో కలిపి డెబ్భై మంది దాకా. నూకరత్నం అన్నం వడ్డిస్తోంది, వరసలో సగం దాకా వచ్చింది. నేను గోడ పక్కన నిలబడ్డాను. రెండుంపావుకు గొంతు అడిగింది.

"నూకరత్నం, ఎన్ని గంటలకు తిన్నారు? ఏం తిన్నారు?"

అది పొడిగానే అడిగింది. నేనే అలా పెట్టించాను. అయినా ఆమె చీర కొంగు సర్దుకుని, గోడకేసి తిరిగి, చిన్నగా నవ్వింది, ఎవరో చుట్టాలు పలకరించినట్టు. ఆ నవ్వు చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇప్పుడేనం..." అని మొదలుపెట్టింది.

"నూకరత్నం," అని బంతిలోంచి సత్తిరాజుగారు పిలిచాడు. లేచి నిలబడ్డాడు. కంచంలో వేడన్నం పొగలు కక్కుతోంది. "ఆ రోజు నాకు అన్నం అవలేదే. అయిందని చెప్పేను గానీ అవలేదు. ఆకలితో పడుకున్నాను. నీమీద కోపం లేదమ్మా, అప్పుడూ లేదు. కానీ అవలేదు."

ఆమె ఇప్పుడు గరిటె పడేసి వెళ్ళిపోతుంది, ముసలాయన అంతా చెడగొట్టాడు అనుకున్నాను.

నూకరత్నం గరిటెతో సహా ఆయన వైపు తిరిగింది.

"నాకు తెల్దా బాబాయ్," అంది. "ముప్పై మూడేళ్ళబట్టీ తెలుసు. ఒక్కసారి చెప్పుంటే ఏవయ్యేది మీకు?"

"సిగ్గేసిందమ్మా."

"సిగ్గంట!" అని ఆమె ఏడుస్తూనే తిట్టింది. తిట్టడం నేను మొదటిసారి విన్నాను. ముసలాయన తల వంచుకుని తిట్లు తింటూ నిలబడ్డాడు.

గొంతు మళ్ళీ అడిగింది. దానికి ఇవేమీ పట్టవు. "ఎన్ని గంటలకు తిన్నారు?"

నూకరత్నం ముక్కు తుడుచుకుంది. గోడ వైపు తిరిగింది. ఈసారి నవ్వలేదు.

"నిన్న సాయంత్రం నాలుగింటికండి. ఇయ్యాల అవలేదండి. ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్దవండి, ఎప్పుడూ అవలేదు." ఆగింది. మళ్ళీ గట్టిగా, డెబ్భై మందికీ వినపడేలా అంది. "నాకు ఆకలేత్తందండి."

సత్తిరాజుగారు తన పక్కన జరిగి చోటిచ్చాడు. ఆమె చేతిలోంచి గరిటె నేను లాక్కున్నాను. ఆమె కూర్చుంది. గుండిగ వైపే చూస్తోంది, ఇంకా వడ్డించని కంచాలు లెక్కపెట్టుకుంటోంది. చాలుతుంది, నేను పొద్దున్నే రెండు కుంచాలు ఎక్కువ వేయించాను అని చెప్పాను. నమ్మలేదు. లేచి, గుండిగలోకి తొంగి చూసి, మళ్ళీ కూర్చుంది.

నాకు వడ్డించడం రాదు. అన్నం సగం కంచంలో, సగం బల్ల మీద పడింది. నూకరత్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకుంది. అందరూ ఆమె గొంతుకేసి చూస్తున్నారు, తినడం మానేసి. నేను కూడా చూశాను. ముద్ద దిగింది. రెండోది తొందరగానే దిగింది.

మూడోది కలుపుకుంటూ తలెత్తి, "ఆ వంకాయ ఎవరేపేరండీ, సరిగ్గా మగ్గలేదు," అంది. తర్వాత కంచం నా వైపు జరిపింది. "అన్నం ఇంకొంచెం పెట్టండి డాక్టరమ్మగారూ. ఆ గరిటెతో కాదు, పెద్దదాంతో."

పెద్దదాంతో పెట్టాను.

నూకరత్నం. భోజనం 2.20. అన్నం, వంకాయ, చారు; మారు వడ్డన రెండుసార్లు. మాత్ర 2.45.